ఏడు బస్తాల సంచి

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

పెనుగొండ పేరులో కొండ ఉంది గాని ఊళ్ళో కొండ లేదు. ఎటు చూసినా వరిచేలు, కాలవలు, కొబ్బరితోటలు. మనకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టు ఎత్తే. అటువంటి ఊళ్ళో చదువుకుంటూ, మంచుకొండల మీద పడుకునే సంచి గురించి వార్షిక సంచికలో రాయడమేమిటని కొందరు మిత్రులకు నవ్వు రావచ్చు. నవ్వితే నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాని ఈ రెండు మూడేళ్ళుగా మన క్యాంటీనులో సినిమాల తరువాత అంత జోరుగా సాగే చర్చ ఇదే. డిసెంబరు వచ్చిందంటే చాలు, "ఏ కంపెనీది కొన్నావురా? మైనస్ ఎంతదిరా?" అని ఒకటే గోల. భోగిమంటలూ కోడిపందాలూ వదులుకుని సంక్రాంతి సెలవుల్లో హిమాలయాలకు పోయే గోదావరి కుర్రాడు పుడతాడని మా తాతయ్య కలలో కూడా అనుకుని ఉండడు. పుట్టాడు. పుట్టినవాడికి చలి కూడా పుడుతుంది. అంచేత ఆ సంచి సంగతి నలుగురిలో పెట్టి మాట్లాడుకోవడం మంచిది.

నా అభిప్రాయాలు మూడున్నాయి, దాచుకోకుండా ముందే చెప్పేస్తాను. సంచి మీద పెద్దక్షరాలతో అచ్చేసిన మైనస్ అంకెను చూసి ఎవరూ సంచి కొనకూడదు. లంబసింగికి వెళ్ళేవాడు ఈకల సంచి అసలే కొనకూడదు. ఇక హిమాలయాలకు వెళ్ళేవాడికి మంచి ఈకల సంచి ఉండి తీరాలి గాని, దాన్ని ఎవరి డబ్బుతో వారు కొనుక్కోవడం మన ఇళ్ళకు తగిన పని కాదు. స్టూడెంట్స్ యూనియన్ కొని అందరికీ ఇవ్వాలి. ఈ మూడోదాని మీద నాతో దెబ్బలాడేవాళ్ళు ఉన్నారని తెలుసు. వాళ్ళ దగ్గరికి తరువాత వస్తాను.

ముందు చలి ఎంతో లెక్క కడదాం. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రి అనే పల్లె నుంచి ఎక్కే కేదార్‌కంఠ శిఖరం ఇప్పుడు మనవాళ్ళందరికీ మొదటి మెట్టు అయింది. దాని ఎత్తు సుమారు 3,800 మీటర్లు, అంటే 12,500 అడుగులు. పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుందని మనం చదువుకున్నాం. జనవరిలో తెల్లవారుజామున మన ఊళ్ళో 18 డిగ్రీలు ఉందనుకోండి. మన ఊరినే జాకీలు పెట్టి 3,800 మీటర్లు పైకి లేపితే 25 డిగ్రీలు తగ్గి మైనస్ 7 అవుతుంది. పైగా మనం ఉన్నది 16, 17 అక్షాంశాల మధ్య, కేదార్‌కంఠ ఉన్నది 31 దగ్గర. అంచేత అసలు చలి ఈ లెక్కకి ఒక పిసరు ఎక్కువే గాని తక్కువ ఉండదు. గాలి తోడైతే చెప్పనే అక్కర్లేదు.

ఆ చలిలో మనిషి పడుకుంటే అతన్ని కాపాడేదేమిటి? సంచి వేడి పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. సంచి ఏ వేడీ పుట్టించదు. వేడి పుట్టించేది లోపల ఉన్న మనిషే. నిద్రపోయే మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి 70, 80 వాట్లు, అంటే మనం ఒకప్పుడు వాడిన పాత బల్బు ఒక్కటి. ఆ ఒక్క బల్బు వేడి పారిపోకుండా కాపలా కాయడమే సంచి పని. కాపలా కాసేది కూడా నిజానికి గుడ్డ కాదు, ఈక కాదు. గాలి. కదలకుండా ఒకచోట నిలిచిన పొడి గాలికి వేడిని మోసుకుపోయే గుణం చాలా తక్కువ. ఫిజిక్సు పుస్తకంలో ఉష్ణవాహకత పట్టిక తీసి చూడండి: గాలికి సుమారు 0.025, నీటికి 0.6. అంటే నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా దొంగ. ఈ అంకె గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఈ సంగతి మనవాళ్ళకు పుస్తకం లేకుండానే తెలుసు. కోతల రోజుల్లో కళ్ళంలో ధాన్యానికి కాపలా పడుకునే రైతు దుప్పటి ఒక్కటే కప్పుకుని వణకడు. గడ్డి పరుచుకుని, గడ్డిలోకి దూరి, పైన గోనెపట్టా లాక్కుంటాడు. ఎండుగడ్డి పుల్ల లోపల డొల్ల, పుల్లకీ పుల్లకీ మధ్య సందు. ఆ డొల్లలోనూ ఆ సందులోనూ నిలిచేది గాలే. మామ్మ పాతచీరలు మడతలు మడతలుగా పరిచి బొంత కుడితే మడతకీ మడతకీ మధ్య నిలిచేదీ గాలే. బూరుగుదూది పరుపును ఎండలో వేస్తే సాయంత్రానికి ఉబ్బి మెత్తనవుతుంది. ఆ ఉబ్బే వెచ్చదనం. అణిగిపోయిన పరుపు చల్లగా ఉంటుందని మా మామ్మకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

గడ్డీ బొంతా భుజాన వేసుకుని కొండ ఎక్కలేం గనుక ఈకలు వచ్చాయి. ఇక్కడ ఈక అంటే రెక్కల ఈక కాదు. బాతుకూ పెద్దబాతుకూ పొట్ట దగ్గర, పై ఈకల అడుగున ఉండే నూగు. దీన్నే డౌన్ అంటారు. దానికి ఈకలకుండే కాడ ఉండదు; తుమ్మపువ్వులాగా ఒక నలుసు నుంచి అన్ని వైపులకూ సన్నని పోగులు లేస్తాయి. గుప్పెట్లో నొక్కితే లేనట్టే ఉంటుంది, వదిలితే మళ్ళీ పొంగుతుంది. బరువు అతి తక్కువ, పట్టి ఉంచే గాలి అతి ఎక్కువ. 1922లో ఎవరెస్టుకు వెళ్ళిన జార్జ్ ఫించ్ అనే ఆయన బెలూను గుడ్డలో ఈ నూగు కూరి ఒక కోటు కుట్టించుకున్నాడు. తోటివాళ్ళు మొదట నవ్వారట. ఫించ్ వృత్తికి కెమిస్ట్రీ మాష్టారు అన్నది సైన్సు విద్యార్థులం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి. 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎక్కేనాటికి డౌన్ బట్టలూ డౌన్ సంచులూ మామూలు సరంజామా అయిపోయాయి.

ఇక సంచి మీద రాసే అంకెలు. దుకాణంలో "ఇది 700 సార్, అది 550 సార్" అంటారు. అది ఫిల్ పవర్. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు పూర్తిగా పొంగితే ఎన్ని ఘనపు అంగుళాల చోటు ఆక్రమిస్తుందో ఆ అంకె. 700 అంటే సుమారు పదకొండున్నర లీటర్లు. 700 రకం నూగు అరకిలో పొంగిస్తే ఇంచుమించు 200 లీటర్లు, మన డీజిలు డ్రమ్ము నిండుతుంది! అరకిలో బరువుతో ఒక డ్రమ్ము గాలిని కదలకుండా పట్టి ఉంచే వస్తువు ఇంకొకటి నాకు కనపడలేదు.

అయితే ఈ అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. ఫిల్ పవర్ నూగు నాణ్యత చెబుతుంది గాని సంచిలో ఎంత నూగు పోశారో చెప్పదు. విత్తనం మంచిదైనంత మాత్రాన ఎకరానికి ఎంత చల్లాడో అడగకుండా ఉంటామా? రెంటినీ గుణించాలి. 600 రకం 700 గ్రాములు పోసిన సంచీ, 800 రకం 525 గ్రాములు పోసిన సంచీ పొంగులో ఒకటే. గుణించి చూసుకోండి, రెండింటికీ 4,20,000 వస్తుంది. కొలతలూ కుట్టుపనీ ఒకటే అయితే వెచ్చదనమూ దగ్గర దగ్గర ఒకటే. రెండోది 175 గ్రాములు తేలిక, ధర మాత్రం బాగా ఎక్కువ. ఆ 175 గ్రాముల కోసం వేలు పోయడం ఎవరెస్టు ఎక్కేవాడికి అవసరం గాని, సాంక్రి నుంచి గుర్రాల మీద సామాను పంపించుకునే మనకెందుకు? నన్నడిగితే 600, 650 రకం చాలు. పోసిన నూగు బరువు మాత్రం అడిగి తెలుసుకోవాలి. ఆ బరువు చెప్పని దుకాణం మెట్లు దిగిపొండి.

కుట్టుపని కూడా చూడాలి. నూగు ఒక మూలకు జారిపోకుండా సంచిని గళ్ళు గళ్ళుగా కుడతారు, చేలో మళ్ళకు గట్లు వేసినట్టు. చవక సంచుల్లో పై గుడ్డనీ లోపలి గుడ్డనీ కలిపి ఒకే కుట్టు వేసేస్తారు. ఆ కుట్టు వెంట నూగు ఉండదు, అక్కడ చలి నేరుగా లోపలికి వస్తుంది. మంచి సంచుల్లో రెండు గుడ్డల మధ్య సన్నని అడ్డుగుడ్డ నిలబెట్టి పెట్టెల్లాగా కుడతారు. దుకాణంలో సంచిని దీపానికి ఎదురుగా పట్టుకుంటే కుట్టు దగ్గర వెలుతురు కనపడుతుందో లేదో తెలిసిపోతుంది. తలకు టోపీలాంటి ముసుగు, మెడ దగ్గర బిగించుకునే పట్టీ, జిప్పు వెంట నూగు కూరిన గొట్టం, ఈ మూడూ ఉండాలి. సంచి మరీ వదులుగా ఉంటే లోపల ఖాళీని కూడా మన ఒంటి వేడే కాయాలి. మరీ ఇరుకైతే భుజాలు నొక్కి నూగును అణచేస్తాయి.

ఇప్పుడు మైనస్ అంకె. పోయిన డిసెంబరులో మేం అయిదుగురం కేదార్‌కంఠకు వెళ్ళాం. మాలో ఒకడు నగరంలో ఒక దుకాణంలో సంచి కొన్నాడు. దాని మీద "మైనస్ 10" అని వెండిరంగు అక్షరాలు. ఎవరు పరీక్షించారు, ఏ పద్ధతిలో పరీక్షించారు, ఒక్క ముక్క రాసిలేదు. జూడా కా తాలాబ్ దగ్గర గుడారంలో మొదటిరాత్రి వాడి పళ్ళు టకటకలాడుతుంటే మాకెవరికీ నిద్ర లేదు. ఆ రాత్రి మా థర్మామీటరు మైనస్ 4 చూపించింది, మైనస్ 10 కూడా కాదు. చివరికి ఇద్దరి ఫోము చాపలు ఒకదాని మీద ఒకటి వాడి కింద పరిచి, పొడి మేజోళ్ళు తొడిగి, వంటవాణ్ణి బతిమాలి స్టీలు సీసాలో వేడినీళ్ళు పోయించి, దానికో మేజోడు తొడిగి సంచిలో పెట్టాం. తెల్లవారేసరికి మనిషిలో పడ్డాడు. మర్నాడు వాడు మాతో పైకి రాలేదు. అంత డబ్బు పోసి, రెండు రోజులు రైల్లో వచ్చి, శిఖరం చూడకుండా గుడారంలో కూర్చున్నాడు.

ఈ అంకెల గొడవ తేల్చడానికే యూరపువారు ఒక ప్రమాణం పెట్టుకున్నారు, అదే ఇప్పుడు ఐ.ఎస్.ఓ. 23537 పేరుతో నడుస్తోంది. కొలతయంత్రాలు బిగించిన వెచ్చని బొమ్మను సంచిలో పడుకోబెట్టి కొలుస్తారు. దాని ప్రకారం సంచి మీద మూడు అంకెలుంటాయి. మొదటిది కంఫర్ట్: ఒక మామూలు స్త్రీ హాయిగా కాళ్ళు చాపుకుని నిద్రపోగలిగే చలి. రెండోది లిమిట్: ఒక మామూలు పురుషుడు ముడుచుకుని పడుకుని వణుకు లేకుండా గడపగలిగే చలి. మూడోది ఎక్స్‌ట్రీమ్: ఆరు గంటలు ప్రాణం నిలిచే చలి. మూడోదానికి నిద్రతో సంబంధం లేదు, వేళ్ళు మంచుకాటుకు పోయినా పోవచ్చు. ఉదాహరణకు ఒకే సంచికి కంఫర్ట్ 0, లిమిట్ మైనస్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 23 ఉండవచ్చు. దుకాణదారుకి ఈ మూడింటిలో ఏది పెద్దక్షరాలతో వేసుకోవాలనిపిస్తుందో వేరే చెప్పాలా! ఏ ప్రమాణమూ లేని సంచి అయితే మరీ సుఖం, ఇష్టమొచ్చిన అంకె అచ్చేసుకోవచ్చు.

అంచేత నా మాట: కంఫర్ట్ అంకె తప్ప మరొకటి చూడవద్దు. మగవాళ్ళం లిమిట్ చూసుకుంటే చాలదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఆ ప్రమాణంలోని మనిషి ఆ చలికి అలవాటుపడ్డవాడు కాకపోవచ్చు గాని, పుట్టినప్పటి నుంచీ ఉక్కపోతలో పెరిగినవాడు మాత్రం కాడు. మేలో 42 డిగ్రీల్లో చెమటలు కక్కేవాళ్ళం, జనవరిలో 18 డిగ్రీలకే మఫ్లరు చుట్టుకునేవాళ్ళం మనం. అదీగాక ఇప్పుడు మన కాలేజీ అమ్మాయిలు కూడా ట్రెక్కింగుకు బయల్దేరుతున్నారు. అందరూ వాడుకునే సంచి అన్నప్పుడు అందరిలోకీ చలి ఎక్కువ వేసేవారి లెక్కనే కొనాలి. కేదార్‌కంఠ శీతాకాలానికి కంఫర్ట్ మైనస్ 8, 10 ఉన్నది తీసుకుంటే నిశ్చింతగా పడుకోవచ్చు.

ఎంత గొప్ప సంచి అయినా దాని అడుగు భాగం దండగే. మన బరువు కింద నూగు అణిగిపోతుంది, గాలి పోతుంది. నేల మనల్ని కింద నుంచి తాగేస్తుంది. అందుకే చాప ముఖ్యం. చాపలకు ఆర్-విలువ అని ఒక అంకె ఉంది. మామూలు ఫోము చాపకు 2 దగ్గర, మంచు మీద పడుకోవాలంటే 4, 5 కావాలి. ఈ విలువలు కూడుకోవచ్చు, రెండు చాపలు వేస్తే రెండూ రెండూ నాలుగు. ఆ రాత్రి మా మిత్రుణ్ణి కాపాడింది ఈ కూడికే. పన్నెండు వేల సంచి కొని చాప దగ్గర పీనాసితనం చేసేవాళ్ళని చూస్తే నాకు, పెద్ద మోటారు కొని తూముకి తలుపు పెట్టించని రైతు గుర్తుకొస్తాడు.

ఇక తడి. ఇందాక గుర్తుంచుకోమన్న అంకె ఇక్కడ కావాలి. నూగు తడిస్తే పోగులు అతుక్కుని ఉండలు కడుతుంది, పొంగు పోతుంది, గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. అప్పుడది ఈకల సంచి కాదు, తడిసిన కోడి. పాలిస్టరు పీచు కూరిన సంచి బరువెక్కువ, మడిస్తే పెద్ద మూటవుతుంది, కాని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది, ధర కూడా సగమో అంతకంటే తక్కువో. శీతాకాలపు హిమాలయాల్లో గాలి పొడిగా ఉంటుంది, పడేది వాన కాదు మంచు. అక్కడ డౌన్‌కి సాటి లేదు. మన తూర్పు కనుమల్లో సంగతి వేరు.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మన ఆరున్నర డిగ్రీల లెక్క ప్రకారం మన ఊరికంటే అంతే చల్లగా ఉండాలి. కాని కొన్ని శీతాకాలాల్లో సున్నా దగ్గరికి దిగిపోతుంది. కారణమేమంటే, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసుకుంటుంది, చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి లోతట్టులో మడుగు కట్టినట్టు నిలిచిపోతుంది. దాంతోపాటే పొగమంచు. తెల్లారేసరికి గుడారం మీద నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతుంటాయి. అరకులోనూ, మారేడుమిల్లి పైన గుడిసె కొండల మీదా ఇదే వరస. అటువంటి చోటికి వేలు పోసి డౌన్ సంచి తీసుకువెళ్ళడం వానాకాలంలో పట్టుచీర కట్టుకుని నాట్లకు వెళ్ళడం లాంటిది. ఒక రాత్రికి పాలిస్టరు సంచి, దాని మీద ఒక రగ్గు చాలు. బండి మీద వెళ్ళేవాడికి మామ్మ కుట్టిన బొంత ఇంకా మేలు. ఫోటోలో అందంగా ఉండదంటారా, పొగమంచులో ఎలాగూ ఏమీ కనపడదు.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు. నేను చెప్పిన లక్షణాలున్న డౌన్ సంచి పది పన్నెండు వేల దగ్గర మొదలవుతుంది, పైకి ఎంతవరకు పోతుందో చెప్పలేం. 2025-26 ఖరీఫ్‌కు కేంద్ర ప్రభుత్వం మామూలు రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తా లెక్కన 1,777 రూపాయలు. పన్నెండు వేలంటే ఇంచుమించు ఏడు బస్తాలు. నేను ఇంట్లో ఈ సంచి ధర చెబితే నాన్న కాసేపు వేళ్ళు మడిచి, "అయితే ఏడు బస్తాలు ఒక్క బస్తాలో కుక్కుకుని పడుకుంటావన్నమాట" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. కాని ఆ లెక్క నాకు దిగింది. కౌలుకు చేసేవాళ్ళ ఇంట్లో అయితే ఎరువుల ఖర్చూ కౌలూ పోగా ఎకరానికి మిగిలేది చాలా పంటల్లో ఏడు బస్తాలు కూడా ఉండదు. ఏడాదికి అయిదు రాత్రులు వాడి మిగతా మూడు వందల అరవై రాత్రులు అటకమీద పడేసే వస్తువుకి అంత ఖర్చేమిటి?

అద్దెకు తెచ్చుకోవచ్చు కదా అంటారు. సాంక్రి వంటి చోట్ల అద్దెకిస్తారు, నిజమే. మేమూ అలాగే తెచ్చుకున్నాం. నాకు దొరికినది ఫరవాలేదు. మరొకడికి దొరికినది ఎన్ని కాళ్ళు పెట్టి వచ్చిందో, నూగు ఉండలు కట్టి, చెమట కంపు. సీజను మధ్యలో ఉతికి ఆరబెట్టే తీరుబడి ఎవరికుంది! డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ తమ కోర్సులకు వచ్చిన విద్యార్థులకు సరంజామా తామే ఇస్తాయి. అక్కడ ఎవరూ ఎవరి నాన్న పంట ఎంతని అడగరు. ఆ పద్ధతే ఇక్కడ చిన్న ఎత్తున మనం ఎందుకు పెట్టుకోకూడదు?

మన ఊళ్ళల్లో ఉమ్మడి వస్తువు కొత్తేమీ కాదు. గుండిగలూ గంగాళాలూ పెళ్ళి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ కొనుక్కోరు. గుళ్ళోవో, సంఘానివో తెచ్చుకుని, తోమి, లెక్కపెట్టి అప్పజెబుతారు. యూనియన్ వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రాకీ ఫ్లెక్సీలకీ పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుంటే మొదటి ఏడు మూడు సంచులు, మరుసటి ఏడు మూడు కొనవచ్చు. ఫ్లెక్సీ మీద మన మొహం వారం రోజులుంటుంది. సరిగా చూసుకుంటే డౌన్ సంచి పదేళ్ళు పైన ఉంటుంది.

"కొందరి షికారుకి అందరి డబ్బా?" అన్నది నేను ఇందాక చెప్పిన దెబ్బలాట. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. ఇప్పుడు వెళ్ళేది కొందరే ఎందుకయ్యారు? సంచి కొనగలిగినవాళ్ళు గనుక. తక్కినవాళ్ళకు కాళ్ళు లేక కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఖమ్మం జిల్లావాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లోనూ లడఖ్ చలిలోనూ శిక్షణ పొందారు. వాళ్ళ ఇళ్ళల్లో డౌన్ సంచులు కొనే డబ్బు ఉందా? శిక్షణా సరంజామా ఒక సంస్థ సమకూర్చింది, తక్కినది ఆ పిల్లలు చేశారు. కొండ మనది కాదు, మనకెందుకు అనేవారికి ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు.

చలిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి మరొకరి పేరు కూడా తలుచుకోవాలి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళి 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. అంత అనుభవజ్ఞుడికే అలా జరిగింది. ఇటువంటి చోటికి పోయే పిల్లల చేతికి వెండిరంగు అక్షరాల సంచి ఇచ్చి పంపడం నాకు మనసొప్పదు.

మధ్యలో ఒక ముచ్చట. కోతలయ్యాక మన చేలల్లోకి బాతులవాళ్ళు వందలకొద్దీ బాతుల్ని తోలుకొచ్చి రాలిన గింజలూ నత్తలూ మేపుతారు కదా, ఇంత నూగు మన చేలల్లోనే తిరుగుతుంటే బయటి నుంచి కొనడమెందుకని మా జువాలజీ మిత్రుడు అడిగాడు. మంచి ఆలోచనే గాని చిక్కులున్నాయి. మనవాళ్ళు బాతుల్ని పెంచేది గుడ్ల కోసం. డౌన్ చాలామట్టుకు మాంసం పరిశ్రమ నుంచి వచ్చే ఉపఉత్పత్తి, అందులో చైనాది అగ్రస్థానం. నూగు పెద్దగా, పొంగు ఎక్కువగా వచ్చేది చలిదేశాల్లో బాగా ఎదిగిన పక్షులకి. పైగా కడగాలి, ఆరబెట్టాలి, ఈక వేరు నూగు వేరు చెయ్యాలి. మరో చిక్కు కూడా ఉంది. మన ఊరు వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన క్షేత్రం. పక్షి ఈక మీద పడుకోవడానికి ఇష్టపడని మిత్రులు మనలో ఎందరో ఉన్నారు, వారి మాట తీసివెయ్యడానికి లేదు. కొన్నిచోట్ల బతికున్న పక్షి నుంచే నూగు పీకేవారన్న సంగతి బయటపడ్డాకే 2014లో రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అనే ముద్ర వచ్చింది. యూనియన్ కొనేవాటికి ఆ ముద్ర ఉండాలి, ఆరింటిలో రెండు పాలిస్టరువి కావాలి. అవి బరువైతే అవుతాయి, మోయడానికి ఇష్టపడేవారే మోస్తారు.

కొన్నాక అసలు కష్టం వాటిని కాపాడటం. మన డెల్టా గాలిలో తేమకు తోలు చెప్పులకే బూజు పడుతుంది. డౌన్ సంచిని దానితో ఇచ్చిన చిన్న గొట్టాంలాంటి సంచిలో కుక్కి ఏడాదంతా ఉంచితే నూగు పొంగే శక్తి పోతుంది. పెద్ద నూలుగుడ్డ సంచిలో వదులుగా వేసి వేలాడదీయాలి. నెలకోసారి నీడపట్టున గాలికి ఆరవెయ్యాలి, విత్తనాల ధాన్యం చూసుకున్నట్టు చూసుకోవాలి. డిటర్జెంటు పొడితో బాది ఉతకకూడదు. డౌన్ కోసం అమ్మే సబ్బునీళ్ళలో మెల్లిగా ముంచి, పిండకుండా నొక్కి, పూర్తిగా ఆరేవరకు ఉండలు విడదీస్తూ ఉండాలి. వాడేవాళ్ళు లోపల పొడి బట్టలే వేసుకోవాలి, ముసుగులో మొహం దూర్చి ఊపిరి వదలకూడదు, ఆ తడి అంతా నూగులోకి పోతుంది. బోటనీ డిపార్టుమెంటులో హెర్బేరియం బీరువా పక్కన పొడిగా ఉండే గది ఒకటుంది. లెక్చరరుగారిని అడిగితే దూలానికి కొక్కేలు బిగించుకోనిస్తామన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్ళి, వచ్చిన మూడు రోజుల్లో ఆరబెట్టి అప్పజెప్పాలి. అద్దె రాత్రికి పది రూపాయలు పెడితే సబ్బుకూ జిప్పు మరమ్మతుకూ సరిపోతుంది.

జులైలో జరిగే జనరల్ బాడీ సమావేశంలో ఈ తీర్మానం నేనే ప్రవేశపెడతాను. బలపరచడానికి ఒకరు కావాలి. జూడా కా తాలాబ్ దగ్గర గుడారంలో కూర్చున్న మిత్రుడు ముందే చెయ్యెత్తాడు గాని వాడు ఫైనలియరు, అప్పటికి ఓటు ఉండదు.